పోగుంటలు

సోమవారం ఉదయం ఎనిమిదింటికే ప్రొఫెసర్ రవికుమార్ పత్తి చేలో గొంతుక్కూర్చున్నాడు. ఆయన సంగతి దేదీప్యకు తెలుసు. చేను బాగుంటే నిలబడే చూసి, ‘గుడ్, గుడ్’ అంటూ కారెక్కేస్తాడు. కూర్చున్నాడంటే ఏదో దొరికిందన్నమాట. ఆమె రెండడుగుల వెనక, క్లిప్‌బోర్డు గుండెలకి ఆనించుకుని నిలబడింది.

“ఇలా రా అమ్మా. ఈ మొక్క చూడు, ఎనిమిది ఆకులు వేసి మొగ్గ తొడిగింది. పక్కన ఈ రెండూ నాలుగాకులు దాటలేదు. ఒకే రోజు, ఒకే ప్లాంటర్ మెషీన్‌తో విత్తిన చేను ఇలా ఉంటుందా?”

దేదీప్య వంగి చూసింది. చూడకపోయినా చెప్పగలదు. ఆ రెండు బుజ్జి మొక్కలు అక్కడెందుకున్నాయో ఈ భూమ్మీద ఆమె ఒక్కదానికే తెలుసు. కనీసం ఆ పూటకి అలాగే అనుకుంది.

ఆర్కన్సా రాష్ట్రానికి తూర్పు కొసన, మిసిసిపీ నదికి గంట దూరంలో ఉన్న యూనివర్సిటీ పరిశోధన కేంద్రం అది. స్టేషన్ అంటారు. అక్కడి నేల బంకమన్ను. వాన పడితే వారం దాకా కాలు పెట్టనివ్వదు, ఎండిందంటే పలుగుకి లొంగదు. అందుకని ముందే నేలని ఎత్తు బోదెలుగా తీర్చి, బోదెల నెత్తిన పత్తి వేస్తారు. బోదెల మధ్య కాలవల్లో నీరు పారుతుంది. ఆ చుట్టుపక్కల రైతులంతా బోదెకొక సాలు వేస్తే, రవికుమార్ బోదెకి రెండు సాళ్ళు, తొమ్మిది అంగుళాల ఎడంతో ఇరికించి వేయిస్తున్నాడు. అలా వేస్తే ఆకు తొందరగా నేలని కమ్మేసి కలుపుని అణుస్తుందా, దిగుబడి పెరుగుతుందా అన్నది ప్రశ్న. ఆ ప్రశ్నే దేదీప్య ఎమ్మెస్ థీసిస్. మొత్తం ఇరవై నాలుగు ప్లాట్లు. సగం ఒంటి సాలు, సగం జంట సాళ్ళు.

“పైగా జంటలు జంటలుగా మొలిచాయి,” అన్నాడు రవికుమార్, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. “ప్లాంటర్ ఒక చోట ఒకే గింజ వదలాలి. డబుల్స్ పడ్డాయి, లోతు తేడా వచ్చింది, అందుకే ఆలస్యంగా మొలిచాయి. సెట్టింగ్ చూసుకోకుండా తోలేశాడు.”

“ఎవరు సర్?” తెలిసే అడిగింది.

“ఇంకెవరు? వెర్నన్. పోయినేడు పొరపాటున పక్క ప్లాట్‌కి మందు కొట్టి ఒక వార్నింగ్ లెటర్ తీసుకున్నాడు. ఇది రెండోది. హోల్కమ్‌తో ఇవాళే మాట్లాడతాను. నా గ్రాంట్ వాళ్ళు జులైలో చేను చూడ్డానికి వస్తే ఏం చూపించను?”

హోల్కమ్ స్టేషన్ డైరెక్టర్. రెండో లెటర్ పడితే ఉద్యోగం పోతుందని స్టేషన్‌లో అందరికీ తెలుసు. ట్రాక్టర్ తోలే వెర్నన్‌కి డిసెంబరు నెలాఖరుకి పాతికేళ్ళ సర్వీసు నిండుతుందని, అప్పుడుగానీ పూర్తి పెన్షన్ రాదని కూడా తెలుసు. షెడ్‌లో క్యాలెండర్ మీద ప్రతి సాయంత్రం ఆయన ఒక గడి కొట్టేస్తాడు. ఆ పెన్సిల్ దారంతో గోడకే వేలాడుతుంటుంది.

దేదీప్య ఏదో అనబోయింది. రవికుమార్ అప్పటికే ఫోన్ చెవికి ఆనించి కారువైపు నడుస్తున్నాడు.

తప్పు వెర్నన్‌ది కాదు. ప్లాంటర్‌ది అంతకన్నా కాదు. మే నెలలో విత్తిన పది రోజులకి దేదీప్య మొలకలు చూడ్డానికి వస్తే, జంట సాళ్ళ ప్లాట్లలో బోదె అంచున మొలక సరిగా రాలేదు. మూరెడు మొలిచి బారెడు ఖాళీ. పరకాల దగ్గర వాళ్ళ చేలో ఇలాంటి ఖాళీల్ని పోగుంటలంటారు. పోగుంట కనబడితే చూస్తూ వదిలేసే ఆడమనిషి వాళ్ళ ఇంటావంటా లేదు. వాళ్ళమ్మ గింజలు ఒడిలో పోసుకుని, బొటనవేలితో గుంట పొడిచి, రెండేసి గింజలు వేసి, మన్ను కప్పి, అరచేత్తో తట్టి, మళ్ళీ జానెడు దూరంలో ఇంకో గుంట పొడుస్తుంది. ఆ పని దేదీప్యకి ఎనిమిదో ఏటే చేతికొచ్చింది. మే పద్దెనిమిది ఆదివారం. స్టేషన్‌లో ఎవరూ లేరు. మిగిలిన విత్తనం సంచిలో దోసెడు గింజలు ఉన్నాయి. పొద్దున ఏడింటికి మోకాళ్ళ మీద కూర్చున్నది, మధ్యాహ్నం రెండింటికి లేచింది. నడుము పట్టేసింది గానీ, అమెరికా వచ్చాక అంత తృప్తిగా అన్నం తిన్న రోజు మరొకటి లేదు.

‘ప్లాట్లు ముట్టుకోవద్దు, కొలవడమే మన పని’ అని మొదటి సెమిస్టర్‌లోనే పాఠం చెప్పారు. పరీక్షలో అడిగితే రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ పోగుంట పూడ్చడం చేనుని ముట్టుకోవడం కిందికి వస్తుందని ఆమెకి తట్టలేదు. విత్తడం అప్పటికింకా పూర్తికాలేదనే ఆమె లెక్క. రెండు వారాల తరువాత స్టాటిస్టిక్స్ క్లాసులో కూర్చుని ఉండగా, ఏం చేసిందో తెలిసొచ్చింది. అప్పటికి గింజలు మొలిచేశాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకోవడానికి కూడా వ్యవధి మించిపోయింది. పెరిగి కలిసిపోతాయిలే అని నోరు మూసుకుంది.

పత్తి మొక్క అలా కలిసిపోదు. వెనకబడ్డది వెనకే ఉంటుంది. ఆ సంగతి కూడా వాళ్ళమ్మ చెప్పిందే.

మధ్యాహ్నం షెడ్‌లోకి వెళ్తే వెర్నన్ ప్లాంటర్ ముందు బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. అరవై మూడేళ్ళ నల్లజాతి మనిషి, పొడగరి. గింజలు వదిలే పళ్ళేలను ఒక్కొక్కటీ విప్పి, పాత టూత్‌బ్రష్‌తో చిల్లులు తోముతున్నాడు. విత్తడం అయిపోయి నెల దాటింది. ఇప్పుడా పళ్ళేలతో పని లేదు.

“రా, మిస్ డీ,” అన్నాడు ఇంగ్లీషులో. దేదీప్య అన్న పేరు ఆయన నోట సగంలోనే ఆగిపోతుంది. ఈ పిలుపు ఆయన పెట్టిందే. “మీ ప్రొఫెసర్ దీంట్లో దోషం ఉందంటున్నాడు. నేను వెతుకుతున్నాను.”

“దొరికిందా, మిస్టర్ వెర్నన్?”

“లేదు.” పళ్ళేన్ని వెలుతురుకి ఎత్తి ఒంటి కన్ను మూసి చూశాడు. “నాలుగు బోదెలకోసారి ట్రాక్టర్ దిగాను. వేలు దించి లోతు చూశాను. అంగుళం. మళ్ళీ నాలుగు బోదెలు, మళ్ళీ అంగుళం. ఆ రోజు నువ్వూ ఉన్నావు కదా.”

“ఉన్నాను.”

“శుక్రవారం పదింటికి డైరెక్టర్ చేలోకి వస్తానంది. చూసి సంతకం పెడుతుందట.” పళ్ళేన్ని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. అప్పుడు తల తిప్పి దేదీప్య చేతులకేసి చూశాడు. ఊరికే చూశాడో, పనిగట్టుకుని చూశాడో తెలియలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చేతులు జేబుల్లోకి దోపుకుంది.

“ఏమన్నా చెప్పాలా?”

“ఏం లేదు.”

“సరే,” అని ఆయన ఇంకో పళ్ళెం అందుకున్నాడు.

స్టేషన్ నుంచి అద్దె ఇంటికి నలభై నిమిషాలు. హర్షవర్ధన్ కార్లో ఇద్దరూ కలిసి వెళ్ళొస్తారు. అతను గుంటూరు వాడు, అదే ల్యాబ్‌లో పీహెచ్‌డీ నాలుగో ఏడు. దేదీప్యకు ఎయిర్‌పోర్టులో పికప్ నుంచి సెకండ్‌హ్యాండ్ పరుపు దాకా అన్నీ చూసిపెట్టాడు. ఇంటికి సగం దూరంలో గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపగానే ఆమె ఇంక పట్టలేక చెప్పేసింది.

హర్ష పెట్రోలు పైపు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“పన్నెండు ప్లాట్లలోనా?”

“పన్నెండిట్లనే అన్నా. పోగుంటలు చూసి మనసొప్పలే. చెయ్యి ఆగలేదు.”

“చెయ్యి ఆగలేదా! అమ్మాయ్, ఇది మీ పరకాల చేను అనుకున్నావా? దీన్ని డేటా ట్యాంపరింగ్ అంటారు. సార్ రిపోర్ట్ చేస్తే నీ అసిస్టెంట్‌షిప్ పోద్ది. అసిస్టెంట్‌షిప్ పోతే ట్యూషన్ ఫీజు నువ్వే కట్టుకోవాల. కట్టలేకపోతే ఎన్రోల్‌మెంట్ పోద్ది, వీసా స్టేటస్ పోద్ది. ఆ తర్వాత సూట్‌కేస్ సర్దుకోవడమే. ఎవరికన్నా చెప్పావా?”

“నీకే చెప్పిన.”

“ఇంకెవరికీ చెప్పకు.”

“మరి వెర్నన్?”

హర్ష పైపు తగిలించి, కార్లో కూర్చుని, సీటుబెల్ట్ పెట్టుకున్నాడు. తీసేసి మళ్ళీ పెట్టుకున్నాడు. “ఆయన సిటిజన్. ఇక్కడే పుట్టాడు. ఏదో ఒక దారి దొరుకుద్ది. మనకి ఏ దారుంది చెప్పు?”

దారి పొడుగునా రెండువైపులా పత్తి. బోదె మీద బోదె, గీత గీసినట్టు ఒంటి సాళ్ళు. ఎక్కడా పోగుంట లేదు. ఆమెకి ఏడుపు వచ్చింది. కార్లో ఇంకో మనిషి ఉన్నాడు కాబట్టి ఏడవలేదు.

మంగళవారం ఆమె స్టేషన్‌కి వెళ్ళలేదు, తలనొప్పి అని మెసేజ్ పెట్టింది. అబద్ధమేమీ కాదు. మంచం మీద పడుకుని, తను మాట్లాడకపోతే ఏమవుతుందో, మాట్లాడితే ఏమవుతుందో రెండు వైపులా ఆలోచించి చూసుకుంది. ఒకవైపు తన రెండేళ్ళ చదువు ఉంది. రెండోవైపు గోడమీద ఒక క్యాలెండర్, దారానికి వేలాడే పెన్సిలు. ఎంతసేపు ఆలోచించినా పెన్సిలే కళ్ళముందు ఆడింది. బుధవారం పొద్దున రవికుమార్ ఆఫీసు తలుపు తట్టింది.

ఆయన అంతా విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె ఆపాక లేచి తలుపు మూశాడు. అప్పటిదాకా ఇంగ్లీషులో నడుస్తున్న సంభాషణ తలుపు మూశాక తెలుగులోకి మారింది.

“ఆ ఖాళీలే మన రిజల్ట్ అమ్మా. బోదె అంచున సాలు వేస్తే తడి ఆరిపోయి మొలక రాదని రైతుకి తెలియాలి. ఆ జవాబు చేలో కళ్ళెదుట ఉంటే, నువ్వెళ్ళి దాన్ని పూడ్చేశావు.”

“తప్పయింది సర్.”

“మా నాన్న కూడా పత్తి వేసేవాడు. పోగుంట చూస్తే చెయ్యి ఎందుకాగదో నాకు తెలీదా?” ఆయన గొంతు మెత్తబడింది. దేదీప్యకు కొండంత ధైర్యం వచ్చింది. అది నిమిషం కూడా నిలవలేదు. “సరే. ఈ మాట నువ్వు నాకు చెప్పలేదు, నేను వినలేదు.”

“అంటే, సర్?”

“స్టూడెంట్ ప్లాట్లు పాడుచేసిందంటే ఎంక్వయిరీ వేస్తారు. నా గ్రాంట్ ఆగుతుంది. నీ డిగ్రీ ఆగుతుంది. మెషీన్ సెట్టింగ్ తప్పు అంటే ఒక్క లైన్‌లో పోతుంది. ఆ ప్లాట్లు తీసేసి, వచ్చే ఏడు మళ్ళీ వేస్తాం.”

“మరి మిస్టర్ వెర్నన్ జాబ్ పోతది గద సర్.”

“ఆర్నెల్లలో రిటైర్ అయ్యే మనిషే కదా.”

“ఆ ఆర్నెల్లే గద సర్ ఆయనకి కావాల్సింది!”

ఆమె గొంతు పెరిగింది. రవికుమార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆమె మొహం చూడలేదు.

“నువ్వు మన పిల్లవి కాబట్టి చెబుతున్నాను, దేదీప్యా. ఇంకెవరన్నా అయితే ఈపాటికి మెయిల్ పెట్టేసేవాణ్ణి. వెళ్ళు. శుక్రవారం నువ్వు రావక్కర్లేదు.”

మన పిల్ల. ఎయిర్‌పోర్టులో దిగిన రోజు నుంచి ఆ మాట ఆమెకి ఎన్నిసార్లో కడుపు నింపింది. మన పిల్ల అనే హర్ష పరుపు మోశాడు. మన పిల్ల అనే జయంతి ఆంటీ, అంటే రవికుమార్ గారి భార్య, పండక్కి పిలిచి పులిహోర కట్టిచ్చింది. అదే మాట ఇవాళ గొంతుకి అడ్డం పడింది. రెండేసి మెట్లు ఒక్క అంగలో దిగింది, భయంతో కాదు, కోపంతో. ఆ కోపంలో సగం ఆయన మీద అయితే సగం తన మీద. ఎందుకంటే, తలుపు మూసినప్పుడు తన ప్రాణం ఒక్క క్షణం హాయిగా కుదుటపడింది. ఆ హాయిని ఆమె మరిచిపోలేకపోయింది.

శుక్రవారం పదింటికి ముందే చేలో ఉంది. హర్ష కారు తాళం వేస్తూ, “నేను నిన్ను తీసుకొచ్చానని సార్‌కి తెలిస్తే నన్ను చంపుతాడు,” అన్నాడు. అన్నాడే గానీ తీసుకొచ్చాడు. ఆమెని చూడగానే రవికుమార్ మొహం ముడుచుకుంది. వెర్నన్ ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు. ఉద్యోగం పోగొట్టుకోవడానికి మనిషి చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు.

డైరెక్టర్ హోల్కమ్ యాభై దాటిన బక్కపలచని ఆవిడ. చంకలో ఫైలు, పై జేబులో పెన్ను. పదిహేడో ప్లాట్ దగ్గర ఆగింది. రవికుమార్ పెద్ద మొక్కల్నీ, చిన్న జంటల్నీ వరసగా చూపించాడు. అన్నీ నిజాలే. వాటన్నిటినీ కలిపితే మాత్రం అబద్ధం వచ్చింది.

“వెర్నన్, నువ్వేమన్నా చెబుతావా?” అంది డైరెక్టర్.

“నాలుగు బోదెలకోసారి దిగి చూశానమ్మా. అంతకు మించి చెప్పేదేం లేదు.”

ఆవిడ పెన్ను తీసింది.

“మేడమ్,” అంది దేదీప్య. “అవి ప్లాంటర్ వేసినవి కావు. నేను వేశాను. చేత్తో.”

దూరంగా మోటారు ఒకటే నీళ్ళు తోడుతున్న చప్పుడు.

డైరెక్టర్ ఆమెని పైనుంచి కిందికి చూసి, చిన్నగా నవ్వింది. వెక్కిరింపు లేదు ఆ నవ్వులో, జాలి ఉంది. “నీది మంచి మనసు. వెర్నన్ అంటే ఇక్కడ అందరికీ ఇష్టమే. కానీ ఇలా కాపాడితే ఆయనకీ మంచిది కాదు, నీకూ మంచిది కాదు. పన్నెండు ప్లాట్లు ఎవరైనా చేత్తో విత్తుతారా?”

నిజం చెబితే నమ్మరేమోనన్న ఆలోచనే దేదీప్యకు ఇంతవరకు రాలేదు. నాలుగు రోజులు చెప్పాలా వద్దా అని నలిగిందే తప్ప, చెప్పాక నమ్మించాల్సి వస్తుందనుకోలేదు. నిస్సహాయంగా చుట్టూ చూసింది. హర్ష తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. వెర్నన్ మాత్రం ఆమె చేతులకేసి చూస్తున్నాడు, సోమవారం షెడ్‌లో చూసినట్టే.

ఆమె కూడా తన చేతులకేసి చూసుకుంది.

తరువాత కాలవలోకి దిగి, బోదె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ప్యాంటుకి బురద అంటుకుంది. కుడిచేయి చాపి, మొదటి చిన్న జంట మొదట్లో బొటనవేలు ఆనించింది. వేళ్ళు బార్లా చాపింది. చిటికెన వేలు రెండో జంట మొదట్లో ఆగింది. బొటనవేలు అక్కడికి జరిపింది, మళ్ళీ చాపింది. మూడో జంట. మళ్ళీ చాపింది. నాలుగు. అయిదు. తడుముకోవడం లేదు, వెతుక్కోవడం లేదు. చెయ్యి దానంతట అది నడిచిపోతోంది.

“మా ఊళ్ళో పోగుంటలు ఇట్లాగే పూడుస్తాం మేడమ్. జానకొక గుంట. గుంటకి రెండు గింజలు, ఒకటి చచ్చినా ఒకటి మొలుస్తుందని. ప్లాంటర్ అయిదు అంగుళాలకొక గింజ వదులుతుంది. ఇవి కొలవండి.”

డైరెక్టర్ హర్ష దగ్గర టేపు తీసుకుంది. ఏడుంపావు. ఏడుంపావు. ఏడున్నర. ఏడుంపావు. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

“ఇక్కడ కాదు,” అంటూ లేచి, ఎవరినీ అడక్కుండా గబగబా నడిచి తొమ్మిదో ప్లాట్ దగ్గర ఆగింది. “ఇక్కడ చూపించు.”

అక్కడా అంతే. జానకొక జంట. డైరెక్టర్ తనే వంగి తన చెయ్యి ఆనించి చూసింది. ఆవిడ చెయ్యి పెద్దది, ప్రతిసారీ మొక్క దాటిపోయింది. వెర్నన్‌ని కూడా పెట్టమంది. ఆయన బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక జంట మొత్తం మునిగిపోయింది. ఆ చేలో ఆ మొక్కలకి సరిపోయే చెయ్యి ఒక్కటే ఉంది.

డైరెక్టర్ నిలబడి చేతులు దులుపుకుంది. “మీ ప్రొఫెసర్‌కి ఇది తెలుసా?”

దేదీప్య తన తప్పు ఒప్పుకోవడానికి కూడగట్టుకున్న ధైర్యం ఆ ప్రశ్నకి చాలలేదు. అవునంటే ఆయన్ని పట్టిచ్చినట్టు. కాదంటే మళ్ళీ అబద్ధం. అప్పుడు వెనక నుంచి రవికుమార్ గొంతు వినిపించింది.

“తెలుసు. బుధవారం నాకు చెప్పింది.”

ఎండలో ఆయన బట్టతల మీద చెమట పట్టింది, తుడుచుకోలేదు. డైరెక్టర్ ఆయన్ని చాలాసేపు చూసింది. తరువాత ఫైల్లోంచి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది.

“వెర్నన్, నువ్వు పనిలోకి వెళ్ళు. సారీ.” దేదీప్య వైపు తిరిగింది. “ఆ మొక్కలన్నీ గుర్తుపట్టగలవా?”

“పడతాను.”

“ఒక్కటీ మిగలకుండా పీకెయ్. ప్లాట్లలో ఎంత మిగిలితే అంత మిగులుతుంది. ఏం చేశావో సోమవారానికల్లా రాసి నాకివ్వు. రవి, మీరు నాతో రండి.”

మధ్యాహ్నం కారు దగ్గర రవికుమార్ ఆమెతో తెలుగులోనే మాట్లాడాడు. ఈసారి మూయడానికి తలుపు లేదు. “ఎంక్వయిరీ కమిటీకి వెళ్తుందమ్మా. ఆగస్టు నుంచి నీ ఫండింగ్ నా చేతిలో లేదు. నా గ్రాంట్ సంగతే నాకు తెలీదు.”

“సరే సర్.”

ఆయన కారు తలుపు తీసి పట్టుకుని, “నువ్వు చేసింది రైటే,” అన్నాడు. అని, ఆ మాట తనకే నచ్చనట్టు తలుపు గట్టిగా వేసుకున్నాడు.

శనివారం పొద్దున ఏడింటికి హర్ష ఆమెని చేలో దింపి ల్యాబ్‌కి వెళ్ళిపోయాడు. సంచి నడుముకి కట్టుకుని మొదటి ప్లాట్‌లో కూర్చుంది. జానతో కొలిచి, జంటని మొదట్లో పట్టుకుని లాగాలి. మొదటి జంట దగ్గర చెయ్యి రాలేదు. కలుపు పీకిన చెయ్యి, పురుగు నలిపిన చెయ్యి, పచ్చగా నవనవలాడే పత్తి మొక్కని ఎప్పుడూ పీకలేదు. ఇంటి దగ్గర ఇలా చేస్తే వాళ్ళమ్మ వీపు చీరేస్తుంది. కళ్ళు గట్టిగా మూసుకుని లాగింది. తల్లివేరు తెల్లగా, తడిగా పైకొచ్చింది. సంచిలో వేసింది.

మూడు ప్లాట్లయ్యేసరికి పికప్ ట్రక్కు ఆగిన చప్పుడయింది. వెర్నన్. శనివారం ఆయనకి సెలవు. చేతిలో ప్లాస్టిక్ కూలర్, మోకాళ్ళకి కట్టుకునే రబ్బరు దిళ్ళు రెండు జతలు. ఒక జత ఆమె ముందు పడేసి, తనొక జత కట్టుకుని, బోదెకి అవతలి పక్కన కూర్చున్నాడు.

“నువ్వు చూపించు, నేను పీకుతాను,” అన్నాడు.

అలా కాసేపు సాగింది. ఆమె జాన పెడుతుంది, ఆయన లాగుతాడు. పీకిన మొక్కలని ఆయన సంచిలో విసరడు, పక్కపక్కన పేరుస్తాడు.

“మిస్టర్ వెర్నన్, మీకు ముందే తెలుసు కదా?”

“మే పంతొమ్మిది, సోమవారం. కాఫీ దగ్గర నీ బొటనవేలు నీలంగా ఉంది. మందు పూసిన గింజ రంగు వారం దాకా వదలదు.” ఆయన ఒక జంటని లాగి మన్ను దులిపాడు. “ఆ వారమే ఒక గుంట తవ్వి చూశాను. మా అమ్మమ్మ కూడా రెండేసి గింజలే వేసేది. నాకు ఆరేళ్ళప్పుడు ఆమె వెనకాల గింజల డబ్బా మోసేవాణ్ణి. చేను మాది కాదు. అయినా ఒక్క ఖాళీ వదిలితే నెత్తిన మొట్టేది.”

“మరి సోమవారమే డైరెక్టర్‌తో ఎందుకు చెప్పలేదు?”

“నేను చెబితే ఏమంటారు? ముసలాడు తన తప్పు ఆడపిల్ల మీదికి నెట్టాడంటారు. నువ్వు కాదంటే అక్కడితో సరి.” ఆయన తలెత్తి ఆమెని చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలాగని క్షమించేసినట్టూ లేదు. “నాకు నాలుగు రాత్రులు నిద్ర లేదు, మిస్ డీ. చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేశాను.”

“సారీ,” అంది దేదీప్య. అంతకన్నా పెద్ద మాట ఇంగ్లీషులో గానీ తెలుగులో గానీ దొరకలేదు. ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. మట్టి చేతులతో మొహం తుడుచుకుని ఇంకా పాడుచేసుకుంది. వెర్నన్ చూడనట్టే పీకుతూ ఉన్నాడు. కాసేపాగి కూలర్‌లోంచి నీళ్ళ సీసా తీసి బోదె మీదుగా అందించాడు.

ఎండ ముదిరేసరికి పదిహేడో ప్లాట్ చివరికొచ్చారు. ఆఖరి జంట వెర్నన్ లాగాడు. దేదీప్య వెనక్కి తిరిగి చూసింది. మూరెడు పచ్చన, బారెడు నల్లన. బోదె అంచు పొడుగునా పోగుంటలు, మే నెలలో మొదటిసారి చూసినట్టే. ఆమె కుడిచెయ్యి తనకు తెలియకుండానే జేబులోకి వెళ్ళింది. వేళ్ళకి ఒక గింజ తగిలింది. ఆ ఆదివారం నుంచి జేబు మూలన చిక్కుకుపోయినట్టుంది, ఉతుకులకి రంగు సగం పోయి ఉంది.

వెర్నన్ ఆమె అరచేతిలో గింజని చూశాడు. తన చెయ్యి చాపాడు. దేదీప్య గింజ ఆ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

“ఇంకా నాలుగు ప్లాట్లున్నాయి,” అన్నాడు.

దేదీప్య రబ్బరు దిళ్ళు సర్దుకుని లేచి, పక్క ప్లాట్‌లోకి నడిచింది.